ఒక పూట పస్తు నుంచి న్యాయమైన ధర దాకా



ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో మన పొదుపులు, అప్పులు, రికవరీల లెక్కలు అచ్చు వేసుకుంటాం. ఈసారి వాటితో పాటు ఒక చరిత్ర కూడా రాయమని కార్యవర్గం మాకు అప్పజెప్పింది. మేము చదివింది పదో తరగతే. ట్రైనింగులో విన్నది, తర్వాత తెలిసినవాళ్ళని అడిగి, పుస్తకాలు చూసి సరిచూసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఎక్కడో దేశాల చరిత్ర మనకెందుకు అంటారేమో. పోయిన వేసవిలో మన చింతపండు కొనుగోలు కేంద్రంలో జరిగింది మీలో చాలామందికి తెలుసు. పట్నం నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. మన సరుకు చూసి మెచ్చుకున్నాడు, ఫోటోలు తీసుకున్నాడు, చివరికి ధర దగ్గరకొచ్చేసరికి కిందికి లాగాడు. మనకి ఒళ్ళు మండింది. "మా కష్టానికి విలువ లేదా" అని గట్టిగానే అడిగాం. ఆ సాయంత్రమే గింజ తీసే అక్కలు నలుగురు మన దగ్గరకొచ్చి, "మీరు మాకిచ్చే కూలి మూడేళ్ళయినా పెరగలేదు కదమ్మా, మాదీ కష్టమే కదా" అన్నారు. ఎవరికీ నోట మాట రాలేదు.

ఆ తర్వాత నెలలో మన మండలం ఆర్.సి.ఎం. గుడి హాల్లో రెండు రోజుల ట్రైనింగ్ జరిగింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మేము ఈ కూలి గొడవ మాట్లాడుకుంటుంటే, అక్కడి సిస్టరమ్మ గారు విని, "ఇలాంటి గొడవే మా గుళ్ళలో కూడా వచ్చిందమ్మా, అరవై ఏళ్ళ కిందట" అని చెప్పడం మొదలుపెట్టారు. ఈ వ్యాసానికి మూలం అదే. మన సంఘాల్లో హిందువులం, క్రైస్తవులం, ముస్లింలం అందరం ఉన్నాం. ఇది మతం గురించి రాసింది కాదు. పేదలకి సాయం చేద్దామని బయలుదేరిన మామూలు మనుషులు, సాయం ఒక్కటే చాలదని ఎలా తెలుసుకున్నారో చెప్పడానికి రాసింది.

పాలపొడి రోజులు

కాథలిక్ క్రైస్తవులు ఒక గుడిని, దాని కిందికొచ్చే కుటుంబాలన్నిటినీ కలిపి 'విచారణ' అంటారు. ఆదివారం పూజకి వచ్చేది, పెళ్ళిళ్ళు, చావులు చూసుకునేది, చందాలు వేసుకునేది ఆ విచారణలోనే. మనకి గ్రామ సంఘం ఎలాగో వాళ్ళకి విచారణ అలాగ అనుకోండి.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, 1943లో అమెరికా కాథలిక్ బిషప్పులు యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోయిన వాళ్ళ కోసం ఒక సంస్థ పెట్టారు. దానికే తర్వాత కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ అని పేరొచ్చింది. 1946 నుంచి అది మన దేశంలోనూ పనిచేసింది. అమెరికా నుంచి వచ్చిన పాలపొడి, గోధుమలు గుళ్ళ ద్వారా, బళ్ళ ద్వారా పంచేవాళ్ళు. మా నాయనమ్మ లాంటి వాళ్ళు ఇప్పటికీ ఆ పాలపొడి వాసన గురించి చెబుతారు. ఆకలి వేళకి అది ప్రాణం నిలబెట్టింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు.

జర్మనీలో 1958లో అక్కడి బిషప్పులు మిజెరెయోర్ అనే సంస్థ పెట్టారు. ఈస్టరు ముందు నలభై రోజులు క్రైస్తవులకి తపస్కాలం. ఆ రోజుల్లో ఉపవాసాలుండి మిగిల్చిన డబ్బు పేద దేశాలకి పంపాలన్నది వాళ్ళ ఆలోచన. మొన్నటి యుద్ధంలో తామే తిండి లేక అలమటించిన మనుషులు, పదమూడేళ్ళకే వేరేవాళ్ళ ఆకలి కోసం చందా వేశారన్న మాట.

1960: ఇంగ్లండు తల్లుల ఉపవాసం

ఇక ఆడవాళ్ళ సంగతి. కరీబియన్ సముద్రంలో డొమినికా అని చిన్న దీవి ఉంది. అప్పటికి అది బ్రిటిష్ వాళ్ళ పాలనలో ఉంది. ఎక్కువమంది అరటి తోటల మీద బతికేవాళ్ళు. తల్లులకి, పసిపిల్లలకి ఒక ఆరోగ్య కేంద్రం కావాలని ఆ దీవి నుంచి ఇంగ్లండుకి కబురొచ్చింది.

ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాల కాథలిక్ మహిళా సంఘాలు ఆ పని నెత్తికెత్తుకున్నాయి. వాళ్ళలో ఎక్కువమంది ఇల్లు చూసుకునే గృహిణులు. 1960 తపస్కాలంలో ఒక శుక్రవారం ఇంటిల్లిపాదీ మామూలు భోజనం మానేసి, ఏదో సాదాగా తిని, మిగిలిన డబ్బు విచారణలో ఇవ్వమని అడిగారు. దానికి కుటుంబ ఉపవాస దినం అని పేరు పెట్టారు. ఆ డబ్బు డొమినికా తల్లీబిడ్డల కేంద్రానికి వెళ్ళింది.

మనకి ఇది కొత్తగా అనిపించదు. వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసి పొదుపు మొదలుపెట్టిన సంఘాలు మన దగ్గర ఉన్నాయి. వంటింటి లెక్క ఆడవాళ్ళ చేతిలో ఉంటుంది కాబట్టి, అక్కడ మిగిల్చడం కూడా ఆడవాళ్ళకే తెలుసు. ఆ ఉపవాస దినం చూసి బిషప్పులు 1962లో కాఫోడ్ అనే సంస్థను పెట్టారు. ఇంగ్లండు కాథలిక్ గుళ్ళ తరఫున విదేశాల్లోని పేదలకి సాయం చేసేది ఇప్పటికీ ఆ సంస్థే. మన దేశంలో కారితాస్ ఇండియా మొదలైందీ ఆ 1962లోనే.

సాయం సరిపోదని తెలిసింది

నెదర్లాండ్స్‌లో కెర్క్‌రేడ్ అని బొగ్గు గనుల ఊరు ఉంది. 1959లో అక్కడి కాథలిక్ యువకులు కొందరు ఎస్.ఓ.ఎస్. అనే సంస్థ పెట్టి, ఇటలీలోని సిసిలీ దీవి పేదలకి పాలపొడి పంపారు. ఏళ్ళు గడిచేకొద్దీ వాళ్ళకి ఒక సందేహం పట్టుకుంది. పాలపొడి డబ్బా అయిపోగానే ఇంకో డబ్బా కావాలి. తీసుకునేవాళ్ళు ఎప్పటికీ తీసుకునేవాళ్ళుగానే ఉండిపోతారు. దాంతో 1967 నుంచి పేద దేశాల్లో చేతిపని వాళ్ళు చేసిన కొయ్య బొమ్మలు కొని తెచ్చి అమ్మడం మొదలుపెట్టారు. 1969లో నెదర్లాండ్స్‌లోనే బ్రూకెలెన్ అనే ఊళ్ళో ఇలాంటి సరుకులకి మొదటి 'ప్రపంచ దుకాణం' తెరిచారు.

ఆ సంవత్సరాల్లోనే ఇంకో రెండు సంగతులు జరిగాయి. 1967లో ఆరవ పౌలు పోపు గారు దేశాల అభివృద్ధి మీద ఒక లేఖ రాశారు. బలమున్నవాడు, బలం లేనివాడు బేరం కుదుర్చుకుంటే, ఇద్దరూ ఒప్పుకున్నారు కదా అని ఆ ధర న్యాయమైపోదు అన్నది అందులో ఒక ముఖ్యమైన మాట. 1968లో మన ఢిల్లీలోనే ఐక్యరాజ్యసమితి వాణిజ్య సభ జరిగింది. మాకు సాయం కాదు, మా సరుకుకి సరైన వ్యాపారం కావాలని పేద దేశాలు గట్టిగా అడిగిన రోజులు అవి.

పోపు గారి మాట మన సంతలో పెట్టి చూడండి. ఇంట్లో పిల్లవాడికి జ్వరం, చేతిలో పైసా లేదు, ఎదురుగా షావుకారు. అతను చెప్పిన ధరకి మనం "సరే" అంటాం. ఆ "సరే" ఎలాంటిదో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కాఫీ కొండల్లో లెక్క వేసిన రోజు

ఇప్పుడు మెక్సికో వెళదాం. ఆ దేశం దక్షిణాన ఒహాకా రాష్ట్రం, అక్కడ కొండల్లో జపోటెక్, మిహె అనే ఆదివాసులు కాఫీ పండిస్తారు. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్ వాన్ డెర్ హోఫ్ అనే ఫాదర్ గారు అక్కడికి చేరుకున్నారు. ఆయన నెదర్లాండ్స్‌లో రైతు కుటుంబంలో పుట్టినవారు. కొండల్లో తానూ కాఫీ చేను చేసుకుంటూ వాళ్ళతోనే బతికారు.

ఆ రైతుల దగ్గర కాఫీ కొనే దళారుల్ని అక్కడ 'కొయోటె' అంటారు. మన నక్క లాంటి జంతువు పేరది. రోడ్డు లేదు, లారీ లేదు, బయట ధర ఎంతో తెలియదు. దళారి చెప్పిందే ధర. అతనే అప్పులిస్తాడు, అతనే ఉప్పూ పప్పూ ఎక్కువ ధరకి అమ్ముతాడు.

1981లో రైతులు, ఫాదర్లు కలిసి కూర్చుని లెక్క వేశారు. కాఫీకి మనం ఎంత కష్టపడుతున్నాం, మన చేతికి ఎంత వస్తోంది, ఎవరి దగ్గర ఎంత ఆగిపోతోంది అని. ఆ లెక్కలోంచే వాళ్ళ సంఘం పుట్టింది. పేరు ఉసిరి. 1983కల్లా అది రిజిస్టరయ్యింది. అందరి కాఫీ ఒకచోట చేర్చారు, సొంతంగా రవాణా పెట్టుకున్నారు, ఊళ్ళకి బస్సులు నడిపారు, సరుకుల దుకాణాలు పెట్టారు. దళారుల కడుపు మండింది. సంఘంలో చేరినందుకు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు కూడా. మన సంఘాల చరిత్ర రాసేటప్పుడు ఎదురు దెబ్బలు మర్చిపోకూడదన్నట్టే, వాళ్ళవీ మర్చిపోకూడదు.

నెదర్లాండ్స్‌లో సొలిడారిడాడ్ అనే సంస్థ అప్పట్లో లాటిన్ అమెరికా పేదల కోసం గుళ్ళలో చందాలు సేకరించేది. అందులో పనిచేసే నీకో రోజెన్ గారితో ఫాదర్ గారు రైతుల తరఫున మాట్లాడారు. చందాలు మంచివే గాని, మా కాఫీకి సరైన ధర ఇస్తే చందా అడగక్కర్లేదు కదా అన్నది ఆ మాటల సారం. చిన్న దుకాణాల్లో అమ్మితే ఎంత అమ్ముడవుతుంది? మామూలు జనం కొనే దుకాణాల్లోకి ఈ కాఫీ వెళ్ళాలి. దాని పొట్లం మీద గుర్తుపట్టడానికి ఒక ముద్ర ఉండాలి. అలా 1988 నవంబరులో 'మాక్స్ హవెలార్' ముద్ర వచ్చింది. డచ్చి వాళ్ళ పాలనలో జావా రైతులు పడ్డ బాధల మీద 1860లో వచ్చిన నవల పేరు అది. ఆ ముద్రతో మొదట అమ్మింది ఉసిరి సంఘం కాఫీనే.

ముద్ర వెనక ఉన్న లెక్క

ఫెయిర్‌ట్రేడ్ అని ఇప్పుడు అందరూ అనేది ఈ పద్ధతినే. న్యాయ వాణిజ్యం అనుకోవచ్చు. మన సంఘం భాషలో చెప్పుకుంటే ఇందులో మూడు సంగతులు ఉన్నాయి.

మొదటిది కనీస ధర. బయట మార్కెట్ పడిపోయినా దాని కింద ధర ఇవ్వకూడదు. మార్కెట్ పైకి పోతే పై ధరే ఇవ్వాలి. రెండోది, ధర కాక సంఘానికి విడిగా ఇచ్చే అదనపు సొమ్ము. దాన్ని బడికా, రోడ్డుకా, యంత్రానికా దేనికి వాడాలో సభ్యులే సభలో తీర్మానించాలి. మూడోది అడ్వాన్సు. సంఘం అడిగితే సరుకు విలువలో 60 శాతం దాకా కొనేవాళ్ళు ముందే సమకూర్చాలి. షావుకారు అడ్వాన్సు మనల్ని కట్టిపడేస్తుంది, ఈ అడ్వాన్సు షావుకారు దగ్గరికి పోకుండా ఆపుతుంది.

1989లో దేశాల మధ్య ఉన్న కాఫీ ఒప్పందం కుప్పకూలి ధరలు పడిపోయాయి. 2001లో ఇంకా ఘోరం. ప్రపంచ మార్కెట్లో పౌను కాఫీ, అంటే అర కిలోకి కాస్త తక్కువ, 50 సెంట్ల కిందికి దిగింది. ఆ రోజుల్లో ఫెయిర్‌ట్రేడ్ కనీస ధర 121 సెంట్లు, దాని మీద 5 సెంట్లు సంఘానికి. రెట్టింపు కంటే ఎక్కువ. చెట్లు నరికేసి ఊరొదిలి పోవడమా, ఉండడమా అన్న తేడా అందులో ఉంది.

గుడి వెనక బల్ల

ఇంగ్లండులో 1992లో ఫెయిర్‌ట్రేడ్ ఫౌండేషన్ పెట్టారు. పెట్టినవాళ్ళలో ఆ ఉపవాసం నుంచి పుట్టిన కాఫోడ్ ఒకటి. ఆక్స్‌ఫామ్, క్రిస్టియన్ ఎయిడ్, ట్రెయిడ్‌క్రాఫ్ట్ లాంటివి మిగతావి. గ్రామీణ మహిళల పెద్ద సమాఖ్య అయిన విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ కూడా తర్వాత చేరింది. 1994లో ముద్రతో మొదటి సరుకులు వచ్చాయి.

వాటిని జనానికి అలవాటు చేసిన వాళ్ళలో విచారణలు ముందున్నాయి. ఆదివారం పూజ అయ్యాక హాల్లో అందరికీ టీ, కాఫీ ఇవ్వడం అక్కడ అలవాటు. ఆ టీ, కాఫీ ఫెయిర్‌ట్రేడ్‌వే వాడాలి, గుడి మీటింగులన్నిటిలోనూ అవే ఉండాలి, ఏడాదికోసారి దీని గురించి జనానికి చెప్పాలి అని తీర్మానం చేసుకున్న విచారణకి ఫెయిర్‌ట్రేడ్ గుడి అని గుర్తింపు ఇచ్చారు. గుడి వెనక ఒక బల్ల వేసి, కాఫీ పొట్లాలు, చాక్లెట్లు, చేతిపని సంచులు పెట్టి స్వచ్ఛందంగా అమ్మేవాళ్ళు. 2000లో గార్‌స్టాంగ్ అనే చిన్న పట్నం గుళ్ళు, బడి, దుకాణాలు అన్నీ కలిసి తమది ప్రపంచంలో మొదటి ఫెయిర్‌ట్రేడ్ పట్నం అని ప్రకటించుకుంది.

మొదట్లో ఆ కాఫీ అంత రుచిగా ఉండేది కాదని, ధర కూడా ఎక్కువని సణిగినవాళ్ళు ఉన్నారట. సిస్టరమ్మ గారు నవ్వుతూ చెప్పారు. సణుగుతూనే కొన్నారు. కొన్నారు కాబట్టే పెద్ద దుకాణాలు కూడా ఆ సరుకు తెచ్చిపెట్టాయి.

మళ్ళీ డొమినికా

1960లో ఉపవాసం డబ్బు వెళ్ళిన ఆ దీవి 1978లో స్వతంత్రమైంది. కాని అరటి ధర దాని చేతిలోకి రాలేదు. యూరప్ దేశాలు పాత వలసల అరటికి ఇచ్చే రాయితీ చెల్లదని అమెరికా కేసు వేసింది. 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఆ కేసు గెలిచింది. లాటిన్ అమెరికాలో పెద్ద కంపెనీల తోటల అరటితో పోటీ పడలేక, డొమినికా చుట్టుపక్కల విండ్‌వర్డ్ దీవుల్లో వేలమంది చిన్న రైతులు సాగు మానేశారు. మిగిలినవాళ్ళకి ఊతం ఇచ్చింది ఫెయిర్‌ట్రేడ్. 2000 నుంచి ఆ దీవుల అరటి ముద్రతో ఇంగ్లండు దుకాణాలకి వచ్చింది. నలభై ఏళ్ళ కిందట అమ్మ అన్నం మానేసి డబ్బు పంపిన దీవుల నుంచి, కూతురు ఇప్పుడు అరటిపళ్ళు ధర పెట్టి కొనుక్కుంది.

కథ సుఖంగా ముగిసిందని రాయలేం. 2017లో మరియా అనే తుపాను డొమినికాను ఊడ్చేసింది. అప్పుడు మళ్ళీ సాయం కావాల్సి వచ్చింది. దివిసీమ ఉప్పెన చూసిన మన జిల్లాలకి ఆ సంగతి తెలుసు. ఉప్పెన వచ్చినప్పుడు బియ్యం, బట్ట కావాలి. తుపాను తగ్గిన తర్వాత ధర కావాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని ఎవరూ అనలేరు.

ఈ పద్ధతిలో లోపాలూ ఉన్నాయి. ముద్ర కావాలంటే తనిఖీ ఫీజు కట్టాలి, చిన్న సంఘాలకి అది బరువు. సంఘం పండించినదంతా ఆ ధరకి అమ్ముడుపోదు, మిగతాది మామూలు మార్కెట్‌కే పోతుంది. అన్నిటికన్నా పెద్ద లోపం, చిన్న రైతుకి అందిన మంచి ధర ఆ రైతు చేలో కాఫీ కోసే కూలి మనిషి దాకా చాలాసార్లు చేరదు. మనల్ని ఆపాల్సింది ఇక్కడే.

మన దగ్గర

1992 మనకీ గుర్తుండే సంవత్సరమే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం ఊరూరా పాకింది ఆ రోజుల్లోనే. సారా మీద పోయే డబ్బు ఇంట్లో మిగలడంతో పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో కలపాలని మొదలుపెట్టింది కూడా 1992లోనే. మన మన్యంలో దళారుల నుంచి గిరిజనుల్ని కాపాడాలని 1956లోనే జి.సి.సి. పెట్టారు. ఆదిలాబాద్ పత్తి రైతులు కొందరు సంఘాలుగా చేరి ఫెయిర్‌ట్రేడ్ ముద్రతో సేంద్రియ పత్తి అమ్మారు. మన ఐకేపీ కేంద్రాల్లో ఆడవాళ్ళు కాటా, తేమ యంత్రం పెట్టి ధాన్యం కొన్నప్పుడు, తరుగు పేరుతో జరిగే దోపిడీ ఎంతో మనకి అంకెల్లో తెలిసింది.

కాని నర్సాపురం లేసు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వందేళ్ళకు పైబడిన కిందట మిషనరీ దొరసానులు గోదావరి ప్రాంతంలో పేద ఆడవాళ్ళకి జీవనోపాధిగా లేసు అల్లడం నేర్పారు. వాళ్ళు కాథలిక్కులు కారు గాని, ఉద్దేశం మంచిదే. ఆ లేసు విదేశాలకి వెళ్ళింది, వ్యాపారులు పెరిగారు. మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నర్సాపురం వచ్చి చూసి 1982లో పుస్తకం రాశారు. రోజుకి ఆరేడు గంటలు అల్లుతున్నా ఆ ఆడవాళ్ళని కూలీలుగా ఎవరూ లెక్కపెట్టలేదు, 'ఇంట్లో ఖాళీగా కూర్చుని అల్లుకునేవాళ్ళు' అనేశారు. ఆ మాటతోనే కూలి తగ్గిపోయింది.

మేము గింజ తీసే అక్కల గురించి అనుకున్నదీ అదే మాట కాదా? "ఇంట్లో నీడన కూర్చుని చేసుకునే పని కదా" అని మనమే అన్నాం. అన్నది మీటింగు పుస్తకంలో రాసుకోలేదు, అంతే.

అందుకే ఈ వ్యాసం రాసేముందు మేము ఒహాకా రైతులు చేసిన పని చేశాం. నలుగురు అక్కలతో ఒక రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని, ఎన్ని కిలోలు తీశారో, ఎన్ని గంటలు పట్టిందో రాశాం. వేళ్ళకి పడ్డ కాట్లు కూడా చూశాం. దాన్ని మన ప్రాంతంలో ఉపాధి హామీ పనికి వచ్చే కూలితో పోల్చాం. చాలా తక్కువ ఉంది. ఆ కాగితం ఈ ఏడాది మహాసభలో అందరికీ చదివి వినిపిస్తాం.

కూలి పెంచితే సమాఖ్యకి చింతపండు మీద మిగిలేది తగ్గుతుంది. కొందరు అక్కలు ఇప్పటికే వద్దంటున్నారు, వాళ్ళ భయమూ నిజమే. ముందుగా వ్యాపారితో బేరం గట్టిగా ఆడాలి, నాలుగు మండలాల సరుకు కలిపి అమ్మాలి, తర్వాతే పెంచాలి అని వాళ్ళ మాట. రెండూ ఒకేసారి చేయాలన్నది మా మాట. ఎందుకంటే వ్యాపారి ముందు నిలబడి న్యాయం అడగాలంటే, మన వెనక కూర్చుని గింజ తీసే మనిషి మన వైపు ధైర్యంగా చూడగలగాలి.

మహాసభకి అందరూ రండి. గింజ తీసే అక్కల్ని కూడా సభ్యులుగా ముందు వరసలో కూర్చోబెడదాం. కాగితం చదివాక ఎవరి మాట వాళ్ళు చెప్పండి, తీర్మానం పుస్తకంలో ఎక్కిద్దాం.